లసాన్యాలో నీళ్లెవరు పోశారు?

లసాన్యాలో ఎవరూ నీళ్లు పొయ్యరు. పాస్టా షీట్లు, సాస్, చీజ్ పొరలుగా పేర్చి ఓవెన్లో కాల్చే ఈ ఇటలీ వంట గురించి ఏ వంట పుస్తకంలోనూ "ఒక గ్లాసు నీళ్లు పోసి" అని ఉండదు. అయినా ట్రే బయటికి తీసి, మీద ఎర్రగా కాలిన చీజ్‌ను చూసి మురిసి, చాకు దించి మొదటి ముక్క పైకెత్తగానే ఆ ఖాళీలోకి నాలుగు వైపుల నుంచీ ఎర్రటి నీళ్లు వచ్చి చేరతాయి. పొరలు జారిపోతాయి. ముక్కలుగా వడ్డించాల్సింది గరిటెతో వడ్డించాల్సి వస్తుంది. వచ్చినవాళ్లు మర్యాదస్థులైతే "రుచి మాత్రం బాగుంది" అంటారు. ఆ "మాత్రం" అన్న మాట దగ్గరే వంట చేసినవాళ్లకి నిద్ర పట్టదు.

ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే కలకత్తాలో అందరి దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: గాలిలో తేమ. జూలై, ఆగస్టు నెలల్లో ఏక్‌బాల్‌పూర్‌లో ఉప్పు డబ్బాలోనే ముద్దకడుతుంది, వేయించిన అప్పడం భోజనం అయ్యేలోపు మెత్తబడుతుంది, ఆరేసిన బట్టలు మర్నాటికీ చల్లగానే తగులుతాయి. కాబట్టి లసాన్యా పాపం కూడా వానాకాలం ఖాతాలో వేసెయ్యడం తేలిక. కానీ ఈ ఒక్క విషయంలో వానాకాలం నిర్దోషి. హుగ్లీ మీదుగా వచ్చిన గాలి ఎంత తడిదైనా, ఓవెన్లోకి చేరి 180 డిగ్రీలకు వేడెక్కాక ఎడారి గాలి కన్నా పొడిగా తయారవుతుంది. వానాకాలం చేసే చెరుపు ఒకటే. ఇంట్లో పాముకున్న పాస్టా షీట్లను ఆరనివ్వదు. మిగతా నీళ్లన్నీ మనం చేతులారా సంచీలో మోసుకొచ్చినవే.

ఏక్‌బాల్‌పూర్ తెలియనివాళ్లకి రెండు మాటలు. కలకత్తాకి నైరుతిగా, డైమండ్ హార్బర్ రోడ్డు దారిలో, ఖిదిర్‌పూర్‌నీ మోమిన్‌పూర్‌నీ ఆనుకుని ఉన్న ఇరుకు పేట. ఒక పక్క అలీపూర్ బంగళాలు, మరో పక్క 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాకులు. ఇంకాస్త పడమటికి పోతే గార్డెన్ రీచ్, మటియాబుర్జ్. గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే విడిగా ఏర్పడేదాకా మన వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. అందుకే విశాఖపట్నం, విజయనగరం వైపు రైల్వే కుటుంబాలకి ఈ వీధులు కొత్త కావు. బదిలీ మీద వచ్చినవాళ్లు కొందరు పిల్లల చదువులంటూ ఉండిపోయారు. ఇంట్లో చారు, బయట బిర్యానీ, పండక్కి పులిహోర, పుట్టినరోజుకి పిల్లలు యూట్యూబ్‌లో చూసి అడిగిన ఏదో ఒకటి. ఆ ఏదో ఒకటి ఈ మధ్య లసాన్యా అయింది.

లసాన్యా ఈ పేట వంట కాదు, నిజమే. కానీ పొరలు పొరలుగా పేర్చి, లోపలి తడిని అదుపులో పెట్టి వండే వంట ఈ పేటకి కొట్టిన పిండి. 1856లో అవధ్ రాజ్యం పోగొట్టుకుని వచ్చిన నవాబు వాజిద్ అలీ షా మటియాబుర్జ్‌లో కాపురం పెట్టి, 1887లో అక్కడే కన్నుమూశాడు. ఆయన వంటవాళ్ల వెంట వచ్చిన బిర్యానీయే తరవాత ఆలుగడ్డ కలుపుకుని కలకత్తా బిర్యానీ అయిందంటారు. ఆలుగడ్డ డబ్బుల్లేక వేశారా, అప్పట్లో అది కొత్త వింత గనక మోజుపడి వేశారా అన్న తగవు ఇంకా తెగలేదు. మనకు ఆ తగవుతో పనిలేదు. బిర్యానీ వండే డేగ్ గిన్నెలో ఏం జరుగుతుందో దానితోనే పని.

దమ్ బిర్యానీ మూతకి పిండి అంటించి మూసేస్తారు. ఆ తరవాత ఒక్క చెంచా నీరైనా బయటికి పోవడానికి దారి లేదు. అంటే మూత పెట్టే క్షణానికే నీళ్ల లెక్క తేలిపోయి ఉండాలి. అందుకే బియ్యాన్ని పూర్తిగా ఉడకనివ్వరు, ముక్కాలు వంతు ఉడికాక వార్చేస్తారు. మిగిలిన పావు వంతు దాహం బియ్యంలోనే ఉంచుతారు. మాంసం వదిలే రసం, మీద చల్లిన పాలు, నెయ్యి, అన్నీ ఆ దాహానికి సరిపోవాలి. మన హైదరాబాదు కచ్చి బిర్యానీలో ఈ లెక్క ఇంకా కటువు. పచ్చి మాంసం పెరుగుతో కలిసి చాలా నీరు వదులుతుంది గనక, దాని మీద పడే మొదటి వాయి బియ్యాన్ని మరీ తక్కువ ఉడికించి వేస్తారు, పై వాయి ఇంకొంచెం ఉడికినది. ఓవెన్ గురించి, పాస్టా గురించి ఏమీ తెలియకపోయినా ఆ వంటవాడికి లసాన్యా సూత్రం పూర్తిగా తెలుసు: ఏది ఎంత నీరు వదులుతుందో, ఏది ఎంత తాగుతుందో పొర పేర్చకముందే లెక్క కట్టాలి.

ఆ లెక్క మనమూ కడదాం. ఆరుగురికి సరిపడే ట్రేకి మామూలుగా తెచ్చే సామాను ఇది: టమాటాలు కిలో, కీమా అరకిలో, పాలు అరలీటరు, ఉల్లిపాయలు 200 గ్రాములు, పాలకూర పావుకిలో, పుట్టగొడుగులు 200 గ్రాముల పొట్లం ఒకటి, మొజరెల్లా 200 గ్రాములు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే, అంటే 940 గ్రాములు. కీమాలో సుమారు 350. పాలలో 430. ఉల్లిపాయల్లో 175. పాలకూరలో 230. పుట్టగొడుగుల్లో 185. చీజ్‌లో దాదాపు 100. కూడితే 2,400 గ్రాములు దాటింది. రెండున్నర లీటర్లకి ఓ గుక్కెడు తక్కువ. ఇప్పుడు తాగేవాళ్ల సంగతి చూద్దాం. ఎండు లసాన్యా షీట్లు పావుకిలో వేస్తే, అవి పూర్తిగా ఉడకడానికి ఇంచుమించు తమ బరువంత నీరు తీసుకుంటాయి, మహా అయితే 300 గ్రాములు. మాంసం, చీజ్, పాలతో చేసే తెల్ల సాస్ తమలో కొంత పట్టి ఉంచుకుంటాయి, అది న్యాయమే, లేకపోతే లసాన్యా పిడకలా ఉంటుంది. మిగిలిన లీటరు పైచిలుకు ఎక్కడికి పోవాలి?

ఓవెన్‌లో పోతుందిలే అనుకుంటారు చాలామంది. పోదు. ట్రేలో ఆవిరి పోవడానికి ఉన్నది పై భాగం ఒక్కటే. దాని మీద చీజ్ కరిగి, కొవ్వుతో మూతలా పరుచుకుంటుంది. చీజ్ మాడకుండా మనం దాని మీద మళ్లీ ఫాయిల్ కప్పుతాం. లోపల తడి ఉన్నంతసేపూ పొరల మధ్య వేడి 100 డిగ్రీలు దాటదు గనక ఎంతసేపుంచినా అది ఉడకడమే తప్ప ఇగరడం కాదు. ఖిదిర్‌పూర్ వైపు తెలుగువాళ్ల ఇంట్లో ఒకసారి ఈ మాటే నడిచింది. "పిన్నీ, ఇంకో ఇరవై నిమిషాలు ఉంచితే నీళ్లన్నీ పోవూ?" అని పిల్ల అడిగింది. "పోతాయే, వాటి వెనకాల చీజూ పోతుంది" అని జవాబు వచ్చింది. ఇంతకన్నా శాస్త్రీయంగా నేను చెప్పలేను.

కాబట్టి నీళ్లు పోవాల్సింది పొయ్యి మీద, మూత లేకుండా, వెడల్పాటి మూకుట్లో. కిలో టమాటాల సాస్ చివరికి 350, 400 గ్రాముల దగ్గర ఆగాలి. వంటింట్లో చిన్న తూకం ఉంటే ఖాళీ మూకుడు బరువు ముందే రాసిపెట్టుకుని, మధ్యలో ఒకసారి తూచండి. తూకం లేకపోతే మన పెద్దవాళ్ల పరీక్ష ఎప్పుడూ ఉంది: నూనె పైకి తేలేదాకా. నీరు ఉన్నంతసేపూ నూనె అందులో కలిసి కనిపించదు, నీరు పోయాక విడిపోయి అంచుల్లో మెరుస్తుంది. ఇంకో పరీక్ష, గరిటెతో మూకుడు అడుగున ఒక గీత గీయండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా పులుసే. రెండు క్షణాలు అలాగే నిలబడితే ఇగురయింది. లసాన్యాకి కావలసింది ఇగురు. పులుసు పోసి ముక్కలు కొయ్యాలని చూస్తేనే ఈ తిప్పలన్నీ.

అరలీటరు పైచిలుకు నీటిని ఆవిరి చేయాలంటే గ్యాస్ ఖర్చు కాదా అని అడిగేవాళ్లుంటారు. ఆ లెక్కా చూశాను. 600 గ్రాముల నీరు ఆవిరవడానికి, పొయ్యి పక్కలకి పోయే వేడి కూడా కలుపుకుంటే, అరవై గ్రాముల గ్యాస్ దాకా కావాలి. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. పరువు దక్కడానికి అరవై గ్రాములు ఎక్కువేమీ కాదు.

టమాటా గురించి ఇంకో సంగతి ఉంది, ఇది వంటల వీడియోల్లో పెద్దగా వినిపించదు. టమాటాలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, గుజ్జు చిక్కగా ఉండేది దానివల్లే. కాయను తరిగినా, మిక్సీ పట్టినా, కాయలోనే ఉన్న ఎంజైములు బయటపడి ఆ పెక్టిన్‌ను ముక్కలు చేయడం మొదలుపెడతాయి. పచ్చి టమాటాలు మిక్సీ వేసి, ఫోన్ వచ్చిందని అరగంట పక్కన పెట్టి చూడండి. అడుగున పలచని నీళ్లు, పైన నురగతో గుజ్జు, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ సాస్‌ను ఎంత ఇగరబెట్టినా మళ్లీ పళ్లెంలో నీరు వదులుతుంది. తరిగినవి తరిగినట్టు సలసల కాగే నూనెలో పడేస్తే ఎంజైములు పని మొదలుపెట్టకముందే చచ్చిపోతాయి, పెక్టిన్ మిగులుతుంది. టమాటా పేస్టు చిక్కగా రావాలనుకునే ఫ్యాక్టరీలు చేసేది ఇదే. కాయ నలిగీ నలగ్గానే 90 డిగ్రీల దాకా వేడి చేస్తాయి. వాటి దగ్గర యంత్రాలున్నాయి, మన దగ్గర మూకుడు ఉంది, సూత్రం ఒకటే. గింజల చుట్టూ ఉండే జిగురు నీటిని మాత్రం పారబొయ్యకండి. టమాటా రుచిలో పెద్ద వాటా అందులోనే ఉంటుంది. జల్లెడ పట్టి, దాన్ని విడిగా మరిగించి, చిక్కబడ్డాక కలుపుకోవచ్చు. ఓపిక లేకపోతే అసలు టమాటాయే తగ్గించండి. బొలోన్యా నగరం వాళ్లు తమ మాంసం సాస్ వంట పద్ధతిని 1982లో అక్కడి వాణిజ్య మండలిలో దస్తావేజులా నమోదు చేయించారు. అందులో మాంసమే మాంసం, టమాటా పేరుకి కొంచెం. ఎర్రగా ఉంటేనే ఇటలీ వంట అనుకోవడం మన దగ్గర పిజ్జా కొట్లు నేర్పిన పాఠం.

ఇక కీమా. ఏక్‌బాల్‌పూర్, ఖిదిర్‌పూర్ వీధుల్లో మాంసం కొట్లకి కొదవలేదు. కత్తితో కొట్టిన కీమా కావాలన్నా, మిషన్లో పట్టింది కావాలన్నా దొరుకుతుంది. చిక్కంతా ఇంటికి తెచ్చాక మొదలవుతుంది. కీమాను గిన్నెలో వేసి మూడు నీళ్లు పోసి కడగడం మనకి అలవాటు. సన్నగా కొట్టిన మాంసానికి ఉపరితలం ఎక్కువ, కడిగిన నీటిని అది పట్టుకుని వదలదు, ఎంత పిండినా వదలదు. కడగాలనుకుంటే ముక్కను కడిగించి, తుడిపించి, తరవాత కొట్టించుకోండి. కొట్టతను ఒకసారి వింతగా చూస్తాడు, రెండోసారికి అలవాటు పడతాడు. రెండో పొరపాటు ప్రెషర్ కుక్కర్. అయిదు విజిళ్లకి కీమా మెత్తబడుతుంది గానీ, కుక్కర్ ఉన్నదే నీరు బయటికి పోకుండా చూడటానికి. వెడల్పు మూకుడు బాగా కాగనిచ్చి, కీమాను రెండు మూడు వాయిలుగా వేయించాలి. ఒకేసారి కుమ్మరిస్తే మూకుడు చల్లారి, మాంసం తన నీళ్లలో తానే బూడిద రంగులో ఉడుకుతుంది. వేగే చప్పుడు చిటపటగా ఉంటే సరే. బుడబుడమంటే అది వేపుడు కాదు, స్నానం.

ఇంతదాకా చెప్పింది ఇంటి పొయ్యి దగ్గర అందరికీ ఎంతో కొంత తెలిసిందే. అసలు మోసం తెల్లటి వాటిలో ఉంది. రికోట్టా అనే ఇటలీ జున్ను కలకత్తాలో మామూలు కొట్టులో దొరకదు, దొరికినా ఖరీదు. కనక అందరి చూపూ పాలు విరగ్గొట్టి తీసే ఛానా మీద పడుతుంది. సంగతి తెలిసిన చూపే. మిఠాయిల ఊరు గనక ఛానా ప్రతి పేటలోనూ తాజాగా దొరుకుతుంది, ఆవుపాలతో చేస్తారు గనక పనీర్ కన్నా మెత్తగా, రికోట్టాకి దగ్గరగా ఉంటుంది. కానీ కొన్న పొట్లం ఇంటికి చేరేలోపే సంచీ అడుగు తడుస్తుంది. ఆ పచ్చటి నీరంతా లసాన్యా పొరల్లోకి దిగుతుంది. మిఠాయి కొట్టులో పనిచేసే కారిగర్లకి ఈ సంగతి బాగా తెలుసు. సందేశ్ చేసేటప్పుడు ఛానాను గుడ్డలో గట్టిగా పిండి, పంచదారతో కలిపి మూకుట్లో తిప్పుతూ తడి ఆరుస్తారు. తక్కువ ఆరిస్తే మెత్తటి నరమ్ పాక్, ఎక్కువ ఆరిస్తే నిలవ ఉండే కడా పాక్. ఒకే ఛానా, తేడా అంతా తడిలోనే. లసాన్యాకి కూడా ఛానాను పల్చటి గుడ్డలో మూట కట్టి, మీద రోలు లాంటి బరువు పెట్టి గంటసేపు ఉంచండి. వానాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టి బరువు ఉంచడం మేలు, బయట పులుస్తుంది. తరవాత వేళ్ల మధ్య నలిపి చూడండి. వేలికి తడి అంటుకుంటే ఇంకా కాలేదు. ఉప్పు కూడా ఆ మూటలోనే కలపాలి. పేర్చాక ఉప్పు వేస్తే అది ఛానాలోని నీటిని బయటికి లాగి, పొర మధ్యలో వదులుతుంది. పిండిన ఛానాలో ఒక గుడ్డు కలిపితే ఓవెన్లో అది గట్టిపడి మిగతా తడిని పట్టుకుంటుంది. రెండు వద్దు. ఎక్కువైన గుడ్డు వేడికి బిగుసుకుని, తానే నీరు వదలడం మొదలుపెడుతుంది.

నన్నడిగితే ఛానా జోలికే వెళ్లవద్దంటాను. లసాన్యాకి ఇటలీలోనే రెండు దారులున్నాయి. నేపుల్స్ వైపు రికోట్టా, మొజరెల్లా దట్టిస్తారు. బొలోన్యా వైపు పాలు, వెన్న, మైదాతో తెల్ల సాస్ చేస్తారు. తడి సంగతిలో రెండోది మనలాంటివాళ్ల పాలిట దేవుడు. 50 గ్రాముల వెన్నలో 50 గ్రాముల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, అరలీటరు వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. మైదాలోని గంజి రేణువులు వేడికి ఉబ్బి పాలలోని నీటిని తమలో కట్టేసుకుంటాయి. ఒకసారి కట్టేసుకున్నాక ఓవెన్లోనూ వదలవు. షరతు ఒకటే, సాస్ పూర్తిగా కుతకుతమని ఉడకాలి. చిక్కబడిందని ముందే దింపేస్తే గంజి సగం పనే చేసి ఊరుకుంటుంది, పైగా నాలిక మీద పిండి తగులుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే చెరగకూడదు. అరలీటరు పాల నీటిని ఇలా లెక్కలోంచి తీసేసినట్టే. అందుకే ఏక్‌బాల్‌పూర్‌లో ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్ ముందు నిలబడేవాళ్లకి నేపుల్స్ కన్నా బొలోన్యా దగ్గర.

మొజరెల్లా విషయంలో తాజాది గొప్పదన్న మాట ఇక్కడ చెల్లదు. ఉప్పునీటిలో తేలే తెల్లటి ఉండ సలాడ్‌లో గొప్పదే, లసాన్యాలో మాత్రం అది నీటిబుడగ. పిజ్జాల కోసం అమ్మే గట్టి మొజరెల్లాలో తడి తక్కువ, అది చాలు. ఫ్రీజర్‌లోంచి తీసిన తురుమైతే కరిగాక గుడ్డ మీద పరిచి అద్దాలి, మంచు కరిగిన నీరు తక్కువేమీ ఉండదు. పై పొరకి కొంచెం ఉప్పటి, ఎండిన జున్ను కావాలంటే కలకత్తాలో దానికీ ఒక దారి ఉంది. న్యూ మార్కెట్లో బాండెల్ చీజ్ చిన్న బిళ్లలుగా అమ్ముతారు, మామూలుదీ పొగపెట్టినదీ. పోర్చుగీసువాళ్ల కాలం నాటి అలవాటు. నానబెట్టకుండా అలాగే తురిమితే ఉప్పదనం ఎక్కువే, కాబట్టి మిగతా ఉప్పు తగ్గించుకోవాలి. పొగవాసన పడనివాళ్లు దాని జోలికి పోవద్దు, ట్రే మొత్తం అదే వాసన.

కూరగాయల్లో పుట్టగొడుగులను నూనె లేకుండా వేడి మూకుట్లో పడేసి, వదిలిన నీరంతా ఇగిరాక నూనె వెయ్యండి. పాలకూర వేడినీళ్లలో ముంచి తీసి, రెండు చేతులా పిండండి. పిండడం చాలనిపించాక ఇంకోసారి పిండండి. వంకాయ చక్రాలకు ఉప్పు రాసి అరగంట ఉంచి, తుడిచి, కాల్చి వేస్తే చాలా బాగుంటుంది. బీరకాయ, సొరకాయ వేసి లసాన్యా అంటే ఇక నేను చెప్పేదేమీ లేదు.

షీట్ల దగ్గరికి వద్దాం. బిర్యానీ బియ్యం పాఠం పనికొచ్చేది ఇక్కడే. పెట్టె మీద ఎంత సేపు ఉడికించమని రాసి ఉంటే అంత సేపూ ఉడికించి వేస్తే, ఆ షీట్ల కడుపు అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఓవెన్లో సాస్ వదిలే ఒక్క చుక్క కూడా అవి తాగవు. ఎండు షీట్లను ఉప్పు వేసిన మరిగే నీళ్లలో రెండు నిమిషాలు మాత్రం ఉంచి తీయండి, వంగితే చాలు. తీసి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, మధ్యలో నీరు ఇరుక్కుంటుంది. శుభ్రమైన తువ్వాలు మీద పరిచి, పైన ఇంకో తువ్వాలు అద్దండి. ఉడికించక్కరలేని షీట్లని వచ్చేవి పలచగా ఉంటాయి, దాహం ఇంకా ఎక్కువ. మీ సాస్ కొంచెం పలచగా ఉందని ముందే తెలిస్తే అవే కొనండి. ఇంట్లో మైదా, గుడ్డుతో షీట్లు పాముకునేవాళ్లు, వానాకాలంలో వాటిని ఫ్యాన్ కింద ఆరబెట్టడం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఆ గాలికి అవి ఆరవు, అంటుకుంటాయి. వేడి పెనం మీద ఒక్కో పక్కా పది క్షణాలు, రంగు రాకుండా, తడి ఆరేంతవరకు కాల్చి తీయడమే మార్గం. చపాతీ మీద చెయ్యి తిరిగినవాళ్లకి ఇది కష్టం కాదు. చపాతీనే షీటుగా వాడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇంట్లో వాళ్ల ఇష్టం.

పేర్చేటప్పుడు సాస్‌లు ఆవిరి పోయాక, గోరువెచ్చగా ఉన్నప్పుడే వెయ్యండి. పొరలు పలచగా, ఎక్కువగా ఉండాలి. గంటె నిండా సాస్ పోసి మూడు పొరలతో ముగిస్తే, సాస్‌కి తగినన్ని షీట్లు ఉండవు, తాగేవాళ్లు చాలరు. సాస్ కొంచెం పలచగా వచ్చిందనిపిస్తే ట్రేను అలాగే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కాల్చండి, షీట్లు తీరిగ్గా తాగుతాయి. ఫ్రీజర్ మాత్రం వద్దు. మంచు గడ్డకట్టి కరిగేటప్పుడు కూరగాయల కణాలు చిట్లి, తెల్ల సాస్‌లోని గంజి కూడా పట్టు వదిలి, ఎక్కడెక్కడి నీళ్లూ బయటికొస్తాయి.

కాల్చడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓటీజీని ముందే 190 డిగ్రీలకు వేడెక్కించి, ట్రేను మధ్య అరలో పెట్టాలి. షీట్లు ఎండువైతే మొదటి ఇరవై నిమిషాలు ఫాయిల్ కప్పండి, లేకపోతే అంచులు గట్టిగా అప్పడాల్లా లేస్తాయి. తరవాత ఫాయిల్ తీసేసి ఇంకో ఇరవై నిమిషాలు. అంచుల్లో సాస్ మరుగుతూ, బుడగలు మందంగా, నెమ్మదిగా పగులుతుంటే అయినట్టు. బుడగలు చురుగ్గా, పలచగా లేస్తుంటే ఫాయిల్ లేకుండా ఇంకో పది నిమిషాలు. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మీటే నొక్కాలి. ఉత్త మైక్రోవేవ్ అయితే పైన రంగు రాదు, లోపల ఉడుకుతుంది, అంతే.

ఇంత చేసి చాలామంది ఓడిపోయేది చిట్టచివరి ఇరవై నిమిషాల దగ్గర. ఓవెన్లోంచి తీసిన ట్రేలో గంజి ఇంకా పలచగా ఉంటుంది, కొవ్వు నూనెలా ఉంటుంది, షీట్లు ఇంకా తాగుతూనే ఉంటాయి. అది 60, 65 డిగ్రీలకు దిగేసరికి గంజి బిగుస్తుంది, చీజ్ గట్టిపడుతుంది, నీటికి కదిలే చోటు ఉండదు. అప్పుడు కోస్తే ముక్క ముక్కగా నిలబడుతుంది. కాబట్టి ఇరవై నిమిషాలు ముట్టుకోకూడదు. ఏక్‌బాల్‌పూర్‌లో అయితే పిల్లల పుట్టినరోజుకి బయట ఆర్డరిచ్చిన బిర్యానీ కూడా పక్కనే ఉంటుంది గనక, ఈ ఇరవై నిమిషాలూ ఎవరూ ఆకలితో చచ్చిపోరు. ముందు బిర్యానీ వడ్డించండి.

ఇన్ని చేసినా నీళ్లు తేలితే కంగారు పడకండి. మూలన ఒక చిన్న ముక్క కోసి తీసేసి, ట్రేను అటువైపు వంచి, చేరిన రసాన్ని గంటెతో తోడేయండి. ఫాయిల్ లేకుండా పది నిమిషాలు మళ్లీ ఓవెన్లో పెట్టి, తీశాక పది నిమిషాలు ఆగండి. తోడిన రసాన్ని పారబొయ్యకండి. ఉప్పు, టమాటా, మాంసం రుచి అంతా అందులోనే ఉంది, మర్నాడు పిల్లల మ్యాక్రోనీ ఉడికించడానికి అంతకన్నా మంచి నీళ్లు దొరకవు.